కేంద్రకమందలి ఆక్టిన్

మయోసిన్‌తో గూడి కండరముల సంకోచమునకు కారణభూతమగు ఆక్టిన్ అను మాంసకృత్తును 1942 ప్రాంతమున, హంగరీదేశమందలి సెగెడ్ నగరమున, సెంట్-జార్జీ ప్రయోగశాలయందు స్ట్రౌబ్ పండితుడు వేరుపరచెను. అది కణకేంద్రకమునందును గలదన్నప్పుడు, బయటి జీవద్రవ్యమునుండి అంటిన మాలిన్యమేమో యని శాస్త్రజ్ఞులు చిరకాలము శంకించిరి. ఆ శంక నేడు తీరినది. కోఫిలిన్ అను మాంసకృత్తు తోడురాగా, ఇంపోర్టిన్-9 అను వాహక మాంసకృత్తు దానిని కేంద్రకము లోనికి గొనిపోవును. ప్రొఫిలిన్ అను వేరొక మాంసకృత్తుతో జతగూడిన దానిని ఎక్స్‌పోర్టిన్-6 అను వాహకము వెలికి దెచ్చును.

జెనోపస్ కప్ప యొక్క అండకణమున ఈ ఎక్స్‌పోర్టిన్-6 లేమిచే, ఆక్టిన్ కేంద్రకమున మిక్కుటముగ పేరుకొని సన్నని జాలమై అల్లుకొనును. 2013లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ జాలమును చెదరగొట్టి చూడగా, అంతవరకు అందు నిలిచియుండిన కేంద్రకాంశములు తమ బరువున అడుగునకు దిగి, ఒండొంటితో కలిసి పెద్ద బిందువులైనవి. ఒక్క కణము లోపల గురుత్వాకర్షణ ఇంత పని చేయుట ఎంత యాశ్చర్యము!

ఆక్టినును, దాని జ్ఞాతులగు ఆర్ప్ మాంసకృత్తులును కేంద్రకమందలి ఐనో-80 వంటి మాంసకృత్తు సముదాయములలో చేరి, డీఎన్ఏ చుట్టుకొనిన హిస్టోన్ గుళికలను కదల్చుటకు తోడ్పడును. అంతకంటె రమ్యముగ నాకు తోచునది వేరొకటి: ఎంఆర్‌టీఎఫ్ అను మాంసకృత్తు విడి ఆక్టిన్ అణువులకు కట్టువడి యుండి, ఆ యణువులు తంతువులుగా పేనుకొనిన తోడనే విముక్తమై, ఎస్ఆర్ఎఫ్ అను మరియొక మాంసకృత్తుతో గూడి పెక్కు జన్యువులను మేల్కొలుపును, వానిలో ఆక్టిన్ జన్యువు నొకటి.