బిళ్ళ లేని ఆటకు రుచేదీ?

దుకాణాల వీడియో ఆటలు మళ్ళీ ఇంటి టీవీ మీదకు

బిళ్ళ వేస్తేనే కదిలే బొమ్మలవి. మూడు ప్రాణాలు పోగానే ఆట అయిపోయేది. జేబులో మరో బిళ్ళ వుంటే సరే, లేకపోతే పక్కవాడి ఆట చూస్తూ నిలబడాల్సిందే. ఒకప్పుడు పట్టణాలలో బస్టాండు దగ్గరా, సినిమా హాలు పక్కనా వుండే వీడియో గేమ్ షాపుల సంగతిది. ఆ షాపులు చాలా వరకు మూతపడ్డాయి. ఆటలు మాత్రం పోలేదు. ఇంట్లో టీవీకి తగిలించుకునే ఆటల పెట్టెలలోకి అవి మళ్ళీ వచ్చి చేరాయి. ఈ పెట్టెలనే కన్సోళ్ళు అంటారు. ఆనాటి కుర్రకారు ఈనాడు పిల్లల తండ్రులయ్యారు. పాత ఆటలు కొని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడుతున్న వారున్నారు.

అయితే ఇలా ఆడేవారికి తరచు ఎదురయ్యే అనుభవం ఒకటుంది. ఆనాడు నెలల తరబడి ఆడినా చివర చూడలేని ఆట, ఇంట్లో ఒక్క పూటలో పూర్తయిపోతుంది. ఆ తర్వాత దాని జోలికి పోబుద్ధి కాదు. ఆట అదే, బొమ్మలూ అవే. మారిందల్లా బిళ్ళ. ఇంట్లో ఒక మీట నొక్కితే చాలు, బిళ్ళ వేసినట్టే లెక్క. ఎన్నిసార్లు నొక్కినా అడిగేవారు లేరు.

డబ్బా నిండి ఆగిన యంత్రం

బిళ్ళకూ ఆటకూ వున్న సంబంధం తెలియాలంటే 1972 నాటికి వెళ్ళాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు ఆ ఏడాది అటారీ కంపెనీ పెట్టారు. వారి దగ్గర చేరిన అలన్ ఆల్కార్న్ అనే ఇంజనీరు 'పాంగ్' అనే ఆట తయారు చేశాడు. తెర మీద అటొక గీత, ఇటొక గీత, మధ్యన ఎగిరే చుక్క. బల్ల మీద ఆడే టెన్నిస్‌కు అది నకలు. సన్నీవేల్ పట్టణంలోని ఒక సారా దుకాణంలో మొదటి యంత్రాన్ని పెట్టారు. కొద్దిరోజులకే అది ఆగిపోయిందని కబురొచ్చింది. ఆల్కార్న్ వెళ్ళి విప్పి చూస్తే లోపల చెడిపోయిందేమీ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి ఇంకొక నాణెం పట్టడం లేదు!

అప్పటినుంచీ దుకాణపు ఆటలన్నీ నాణెం లెక్క మీదే తయారయ్యాయి. అమెరికాలో పావు డాలరు, జపాన్‌లో నూరు యెన్‌లు, మన దగ్గర రూపాయో రెండు రూపాయలో. ఒక్కడే ఒక్క బిళ్ళతో గంటసేపు ఆడితే యజమానికి గిట్టదు. అలాగని అర నిమిషంలో ఆట ముగిస్తే ఆడేవాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. నాలుగు నిమిషాలు ఆడించి, 'ఇంకొక్క బిళ్ళ వేస్తే గెలిచేవాణ్ణి' అనిపించి పంపాలి. యంత్రం లోపలి బోర్డు మీద చిన్న చిన్న స్విచ్చులుండేవి. ఆడేవాడికి ఎన్ని ప్రాణాలివ్వాలో, ఆట ఎంత కఠినంగా వుండాలో యజమానే వాటితో సర్దుకోవచ్చు. ఒక షాపులో తేలిగ్గా వున్న ఆట మరో షాపులో మొండికెయ్యడానికి చాలాసార్లు కారణం ఈ స్విచ్చులే.

దయ్యాలకూ ఒక పద్ధతి

బిళ్ళ పోతుందన్న భయమే ఆటగాడికి గురువైంది. 1978లో జపాన్‌కు చెందిన టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' విడుదల చేసింది. తొమొహిరో నిషికాడో దాని రూపకర్త. వరుసకు పదకొండు చొప్పున అయిదు వరుసల శత్రువులు పైనుంచి దిగుతూ వుంటారు. కింద నుంచి కాల్చాలి. కాల్చేకొద్దీ మిగిలినవారు వేగంగా కదులుతారు. ఇది ముందుగా ఆలోచించి పెట్టింది కాదు. తెర మీద బొమ్మలు తగ్గేకొద్దీ యంత్రానికి పని తగ్గి, మిగిలిన వాటిని త్వరగా నడిపేది. ఆట రక్తి కట్టడం చూసి నిషికాడో దాన్ని అలాగే వుంచేశాడు.

1980లో నామ్కో కంపెనీ తరఫున తోరు ఇవతాని రూపొందించిన 'ప్యాక్‌మ్యాన్' మరో మెట్టు. పచ్చని గుండ్రటి బొమ్మ నోరు తెరుచుకుని చుక్కలు మింగుతూ పోతుంది. ఒక్కో అంకంలో తినవలసినవి 244. నాలుగు దయ్యాలు వెంటపడతాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా తరుముతున్నట్టుంటాయి గానీ, దేని దారి దానిది. ఎర్రది సూటిగా వెనకే వస్తుంది. గులాబీ రంగుది ముందుకు పోయి దారి కాయాలని చూస్తుంది. చింతచెట్టు కింద కోతికొమ్మచ్చి ఆడే పిల్లలకు ఏ కుర్రాడు ఎటు దూకుతాడో తెలిసినట్టే, బిళ్ళలు పోగొట్టుకున్న ఆటగాడికి ఏ దయ్యం ఎటు మళ్ళుతుందో తెలిసిపోయేది.

ఈ ఆటకు చివర లేదనే తయారు చేసినవారు అనుకున్నారు. కానీ 256వ అంకం చేరేసరికి యంత్రం లెక్క తప్పుతుంది. తెర కుడి సగమంతా అక్షరాలూ అంకెలూ కలగాపులగమై ముందుకు పోవడానికి వీలుండదు. ఒక్క బిళ్ళతో అంతదాకా వెళ్ళినవాడే మొనగాడు.

ఇంటికొస్తూ చిక్కిపోయాయి

ఈ ఆటలు ఇంటికి రావడం కొత్తేమీ కాదు. అటారీ 1977లోనే క్యాసెట్లు మార్చి ఆడే ఇంటి పెట్టెను అమ్మింది. తర్వాత దానికి '2600' అని పేరొచ్చింది. దానిలో పనికి వాడుకునే జ్ఞాపకశక్తి 128 బైట్లు. అంటే ఒక పోస్టుకార్డు మీద రాసే అక్షరాలు కూడా అందులో పట్టవు. 1980లో 'స్పేస్ ఇన్వేడర్స్' దానికి వచ్చినప్పుడు 55 మంది శత్రువులు 36కు తగ్గారు. అయినా జనం ఎగబడి కొన్నారు.

1982లో 'ప్యాక్‌మ్యాన్' వంతు వచ్చింది. దుకాణంలో నిలకడగా కనిపించిన నాలుగు దయ్యాలు ఇంటి టీవీ మీద మిణుకుమిణుకుమన్నాయి. వాటన్నిటినీ ఒకేసారి చూపే శక్తి ఆ పెట్టెకు లేక, ఒకదాని తర్వాత ఒకటిగా చూపింది. లక్షలాదిగా అమ్ముడైనా కొన్నవారు పెదవి విరిచారు. పైగా నాసిరకం క్యాసెట్లు కుప్పలుగా వచ్చి పడడంతో 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. అమ్ముడుపోని సరుకును అటారీ న్యూమెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో పట్టణపు చెత్త గోతిలో పూడ్చిపెట్టింది. అదంతా కట్టుకథ అని ఎంతోకాలం అనుకున్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి చూస్తే క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి.

అదే 1983 జులైలో జపాన్‌లో నింటెండో కంపెనీ 'ఫామికామ్' అనే పెట్టెను విడుదల చేసింది. దానితోపాటు వచ్చిన మూడు ఆటలూ దుకాణాల నుంచి తెచ్చినవే. వాటిలో ఒకటి 'డాంకీ కాంగ్'. షిగెరు మియమోతో 1981లో రూపొందించిన ఈ ఆటలోనే మారియో మొదటిసారి కనిపించాడు. దుకాణంలో దీనికి నాలుగు అంకాలు. ఇంటికొచ్చేసరికి మూడే మిగిలాయి. కదిలే పట్టా మీద సిమెంటు తట్టలు వచ్చే అంకాన్ని తీసేశారు. దుకాణంలో వున్న అసలు ఆట నాలుగు అంకాలతోనూ 2018లో నింటెండో స్విచ్ పెట్టెకు వచ్చింది. జపాన్‌కు చెందిన హ్యాంస్టర్ కంపెనీ దాన్ని తెచ్చింది.

మన పట్టణాలలో ముస్తఫా

మన దగ్గర 1990 తర్వాత ఇళ్ళకు చేరినవి ఎక్కువగా నింటెండో పెట్టెకు నకళ్ళే. 'తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు' అని మీద రాసి వుండే క్యాసెట్టు పెడితే, వున్న కొద్ది ఆటలే పేరు మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మారియో, కాంట్రా ఆటలు తెలియని పిల్లలు తక్కువ.

షాపులలో మాత్రం వేరే ఆట రాజ్యమేలింది. 1993లో కాప్‌కామ్ కంపెనీ విడుదల చేసిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అంటే ఎవరికీ గుర్తు రాదు. 'ముస్తఫా' అంటే వెంటనే తెలుస్తుంది. ఆటలోని నలుగురు వీరులలో టోపీ పెట్టుకున్నవాడి పేరది. ముగ్గురు ఒకేసారి కలిసి ఆడవచ్చు. ఎవడి బిళ్ళ వాడిది, దెబ్బలు మాత్రం అందరివీ.

ఇంత పేరున్న ఆట విడుదలై పాతికేళ్ళు గడిచినా ఇంటి పెట్టెలకు రాలేదు. కథ మార్క్ షుల్ట్జ్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల పుస్తకాల నుంచి తీసుకున్నది. కాడిలాక్ అన్నది కార్ల కంపెనీ వారి పేరు. ఆట తయారుచేసింది మరొకరు. ఉమ్మడి పొలం అమ్మాలంటే అన్నదమ్ములందరి వేలిముద్రలూ కావాలన్నట్టే, ఇటువంటి ఆటను మళ్ళీ అమ్మాలంటే హక్కుదారులందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఆట మూలపడినట్టే.

పగటివేషగాడి విద్య

అసలు యంత్రాలనే దాచుకుంటే సరిపోదా అనిపించవచ్చు. అవి కలకాలం వుండేవి కావు. పాత గాజు తెరల తయారీ ఆగిపోయింది. చిప్‌లు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి. కాప్‌కామ్ వారి కొన్ని బోర్డులలో నకళ్ళు తీయకుండా తాళంలా ఒక బ్యాటరీ పెట్టారు. ఆ బ్యాటరీ అయిపోయిన రోజున లోపలి రహస్య సంకేతం చెరిగిపోయి, నిక్షేపంలా వున్న బోర్డు కూడా మూగబోతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే ఎమ్యులేషన్. పగటివేషగాడు తాసీల్దారు వేషం కడితే నడకా, మాటా, దర్పమూ అన్నీ తాసీల్దారువే అయినట్టు, కొత్త యంత్రం పాత చిప్ వేషం కడుతుంది. లోపల నడిచేది మాత్రం అసలు ఆటే. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో ప్రారంభించిన 'మేమ్' అనే ప్రోగ్రాము ఈ పనికి పెద్ద దారి వేసింది. ఎందరో ఔత్సాహికులు పాత బోర్డులు వెతికి, చిప్‌లలోని సమాచారాన్ని చెడిపోక ముందే తీసి భద్రపరిచారు. కంపెనీలూ ఈ విద్యనే పట్టుకున్నాయి. నింటెండో 2016లో ముప్ఫై ఆటలున్న చిన్న పెట్టెను అమ్మింది. కాప్‌కామ్ 2021లో తన పాత ఆటలను కలిపి విడుదల చేసింది. అందులో తప్పు చేస్తే ఆటను వెనక్కి తిప్పుకునే వీలు కూడా వుంది.

కొనాలనుకునేవారు కొన్ని సంగతులు గమనించాలి. వేలాది ఆటలున్నాయని చౌకగా అమ్మే పెట్టెలలో చాలా వాటికి హక్కుదారుల అనుమతి వుండదు. ప్యాక్‌మ్యాన్ వంటి ఆటలు నిలువు తెర కోసం చేసినవి కాబట్టి టీవీకి రెండు పక్కలా నల్లగా మిగులుతుంది. అది లోపం కాదు. బొమ్మను సాగదీస్తే ఆట పాడవుతుంది. కొత్త టీవీలు బొమ్మను మెరుగుపరిచే పనిలో పడి కొంచెం ఆలస్యంగా చూపుతాయి. మీట నొక్కాక బొమ్మ నింపాదిగా దూకుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాదు, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు! టీవీలో 'గేమ్ మోడ్' అనే ఏర్పాటు వుంటే అది పెట్టుకుంటే చాలా వరకు సరిపోతుంది.

మూడు చింతగింజలు

ఇన్ని హంగులున్నా బిళ్ళ లేని లోటు తీరలేదని ఆటలు అమ్మేవారే గ్రహించినట్టున్నారు. హ్యాంస్టర్ కంపెనీ అమ్మే పాత ఆటలలో మామూలు ఆటతోపాటు పాయింట్ల పోటీ అనే పద్ధతి ఒకటి పెట్టారు. అందులో ఒక్క బిళ్ళే. చచ్చిన చోటు నుంచి మళ్ళీ మొదలెట్టడం వుండదు. వెనక్కి తిప్పడమూ లేదు. సరిగ్గా అయిదు నిమిషాలలో ఎన్ని పాయింట్లు తెస్తావో చూపమనే పద్ధతి మరొకటి. అంటే బిళ్ళను తీసేసినవారే దాన్ని వేరే రూపంలో తిరిగి తెచ్చారన్నమాట.

ఇందుకు పెట్టె ఖరీదైనదే కానక్కరలేదు. ఆటకు ముందు పిల్లవాడి ఎదుట మూడు చింతగింజలు పెట్టాలి. ఒక గింజకు ఒక ఆట. ప్రాణాలన్నీ పోతే గింజ తిరిగి ఇచ్చెయ్యాలి. మూడూ అయిపోతే టీవీ కట్టెయ్యాలి. మొదటి గింజ అజాగ్రత్తగా పోగొట్టుకున్న పిల్లవాడు మూడో గింజకు దయ్యం ఎటు తిరుగుతుందో కళ్ళు విప్పుకుని చూస్తాడు. పక్కన కూర్చున్నవాడు కూడా తన వంతు వచ్చేదాకా ఊరికే వుండడు, చూసి నేర్చుకుంటాడు. ఆనాడు షాపులో బిళ్ళలు అయిపోయి నిలబడిన కుర్రాళ్ళు చేసిన పనీ అదే.

ఆట ఎంతసేపు సాగాలన్నది ఒకనాడు షాపు యజమాని చేతిలో వుండేది. ఇప్పుడది ఇంటివారి చేతికొచ్చింది. ఆ పగ్గం వదలకుండా పట్టుకుంటే పిల్లల చదువుకూ ఢోకా వుండదు, నలభై ఏళ్ళ నాటి ఆటకూ పదును తగ్గదు.