ఒకే మాత్ర అందరికీ ఒకేలా ఎందుకు పనిచేయదు?

వేలు తెగినప్పుడు రక్తాన్ని ఆపడానికి ముందుగా పరుగెత్తేవి ప్లేట్‌లెట్లు. అవే మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డకట్టి దారి మూసేస్తే పక్షవాతం వస్తుంది.

ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయవి? వాటి పైపొరలో గ్రాహకాలనే ప్రోటీన్లుంటాయి. ఏడీపీ అనే రసాయనం వచ్చి పీ2వై12 గ్రాహకానికి తగలగానే ప్లేట్‌లెట్ మేలుకుంటుంది. అప్పుడు మరో రకం గ్రాహకాలు ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఒక కొసను పట్టుకుంటాయి. రెండో కొసను పక్క ప్లేట్‌లెట్ అందుకుంటుంది. ఫైబ్రినోజెన్‌ను పట్టే ఈ గ్రాహకాలు ఒక్కో ప్లేట్‌లెట్ మీద సుమారు 80 వేలు! కొందరిలో వీటిలోని 33వ అమైనో ఆమ్లం ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్. జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ఈ తేడా వస్తుంది. దానివల్ల గడ్డల ముప్పు పెరుగుతుందా అంటే, పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు.

మందుల దగ్గర మాత్రం జన్యువుల ప్రభావం స్పష్టం. క్లోపిడోగ్రెల్ మాత్ర పీ2వై12ను మూసేస్తుంది. అయితే ముందు కాలేయంలోని సీవైపీ2సీ19 ఎంజైము ఆ మందును పనిచేసే రూపంలోకి మార్చాలి. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము బలహీనం. చైనాలో తేలికపాటి పక్షవాతమో, దాని ముందస్తు హెచ్చరికో వచ్చిన అలాంటి 6,412 మందిని పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. 90 రోజుల్లో క్లోపిడోగ్రెల్ వాడినవారిలో 7.6 శాతం మంది కొత్తగా పక్షవాతానికి గురయ్యారు. ఈ ఎంజైముతో పనిలేని టికాగ్రెలార్ అనే మందు వాడినవారిలో 6 శాతమే.