ఒక వాక్యం రుజువయ్యేదాకా

‘ధర పెరిగితే డిమాండు తగ్గుతుంది.’ ఇంటర్‌లో అర్థశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ నోటికొచ్చే వాక్యం ఇది. ఎడమ నుంచి కుడికి వాలే గీత గీసి, మినహాయింపుల్లో గిఫెన్ వస్తువు పేరు రాస్తే మార్కులు పడిపోతాయి. డిగ్రీలోనూ ఆ గీత దాదాపు అలాగే ఉంటుంది. మంచి ఎమ్మే క్లాసులో మాత్రం ప్రశ్న మారుతుంది. తగ్గుతుందని నీకెలా తెలుసు? ఏ షరతుల మీద తగ్గుతుంది? ఆ షరతుల్లో ఒకటి తీసేస్తే ఏమవుతుంది? అర్థశాస్త్రంలో ఎమ్మే పీహెచ్‌డీకి ఎలా సిద్ధం చేస్తుందో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. డిగ్రీ పాఠాలకు మరికొన్ని పాఠాలు కలిపినంత మాత్రాన అది జరగదు. తెలిసిందనుకున్న మాటను రుజువు చేయడం, రుజువులోంచి ప్రశ్న పుట్టించడం, ఆ ప్రశ్నను లోకం మీద పరీక్షించడం, ఈ మూడూ అలవాటైనప్పుడే ఆ రెండేళ్లు పనికొచ్చినట్టు.

ఆ గీత సంగతే చూద్దాం. ధర మారినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయని రష్యా శాస్త్రవేత్త యెవ్‌గెనీ స్లట్‌స్కీ 1915లో సమీకరణం రాసి చూపించాడు. ఖరీదైన సరుకు తగ్గించి ఇంకోటి కొనడం ఒకటి. దీన్ని ప్రత్యామ్నాయ ప్రభావం అంటారు. చేతిలోని డబ్బు మునుపటంత సరుకు తేలేకపోవడం రెండోది. ఇది ఆదాయ ప్రభావం. రోజూ అన్నం, పప్పు, ఎప్పుడన్నా గుడ్లు తినే ఒక కూలి కుటుంబాన్ని ఊహించండి. బియ్యం ధర పెరిగింది. కడుపు నిండాలి కనుక గుడ్లు మానేసి, పప్పు తగ్గించి, ఆ మిగులుతో బియ్యమే ఇంకాస్త ఎక్కువ కొంటారు. ధర పెరిగితే డిమాండు పెరిగింది! గిఫెన్ వస్తువంటే ఇదే. సమీకరణాన్ని స్వయంగా సాధించిన విద్యార్థికి ఇది బట్టీపట్టాల్సిన మినహాయింపుగా కనిపించదు. ఎలాంటి ఇంట్లో, ఎలాంటి సరుకు విషయంలో ఇలా జరగవచ్చో అతనికి ముందే తెలుస్తుంది. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ అనే అర్థశాస్త్రవేత్తలు సరిగ్గా అలాంటి ఇళ్లనే వెతికారు. చైనాలోని హునాన్‌లో లాటరీ పద్ధతిన ఎంపిక చేసిన పేద కుటుంబాలకు బియ్యం మీద సబ్సిడీ కూపన్లు ఇచ్చారు. బియ్యం చవకయ్యేసరికి ఆ ఇళ్లలో బియ్యం వాడకం తగ్గింది. 2008లో వాళ్లు ప్రచురించిన ఆ ఫలితానికి మూలం, ఎక్కడ వెతకాలో చెప్పిన ఆ పాత సమీకరణమే.

పీహెచ్‌డీ మొదటి ఏడాది ఈ అలవాటు ఉందనుకునే పాఠాలు మొదలుపెడుతుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆ ఏడాదంతా సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం, ఎకనామెట్రిక్స్. ఆపైన క్వాలిఫయింగ్ పరీక్షలు. సూక్ష్మ అర్థశాస్త్రానికి చాలాచోట్ల 1995లో వచ్చిన మాస్-కొలెల్, విన్‌స్టన్, గ్రీన్‌ల గ్రంథమే పాఠ్యపుస్తకం. దాదాపు వెయ్యి పేజీలు, సిద్ధాంతం తర్వాత సిద్ధాంతం, రుజువు తర్వాత రుజువు. వి.కె.ఆర్.వి. రావు 1949లో నెలకొల్పిన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఢిల్లీ, కోల్‌కతాల్లో నడిపే రెండేళ్ల కోర్సులోనూ చదివినవాళ్లకు ఆ భాష కొత్తగా అనిపించదు. ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలో గణితానికి వేరే పేపరే ఉంది. మన రెండు రాష్ట్రాల చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లెక్కలు వచ్చిన పిల్లలు ఎంపీసీ తీసుకుని ఇంజినీరింగ్‌కి పోతారు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్నవాళ్లకు పదో తరగతితోనే లెక్కలు ఆగిపోతాయి. రెండూ కలిసిన ఎంఈసీ ఉన్నా దాన్ని సీఏ దారిగానే ఎక్కువమంది చూస్తారు. అర్థశాస్త్రం మీద నిజమైన ఇష్టంతో ఎమ్మేలో చేరిన పిల్ల ఐదేళ్ల తర్వాత మళ్లీ లెక్కల ముఖం చూడాల్సి వస్తుంది. ఆమె వెనకబడితే తప్పు తెలివిది కాదు, పదిహేనేళ్ల వయసులో ఎంచుకున్న గ్రూపుది. మొదటి సెమిస్టరంతా కలనగణితం, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యతలకే కేటాయించినా ఎక్కువేం కాదు.

ఇంత గణితం దేనికి, మనుషుల ఆకలీ నిరుద్యోగమూ గ్రీకు అక్షరాల్లో కొట్టుకుపోవా అని చాలామంది అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రుజువు దగ్గరే ఆగిపోయిన ఎమ్మేలు అలాగే తయారవుతాయి. కానీ అమర్త్య సేన్ ఢిల్లీ స్కూల్లో పనిచేస్తున్న కాలంలో, 1970లో, సామాజిక ఎంపిక మీద తెచ్చిన పుస్తకాన్ని చూడండి. నక్షత్రం గుర్తున్న అధ్యాయాల్లో గణితం, గుర్తు లేని అధ్యాయాల్లో అదే విషయం మామూలు మాటల్లో. ఎమ్మే విద్యార్థి కూడా ప్రతి రుజువు పక్కనా అలా మామూలు మాటల్లో ఒక పేజీ రాయగలగాలి. రాయలేకపోతే లెక్క ఒప్పే అయినా విషయం అందనట్టే.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చని యూజీసీ 2022లో నిబంధన తెచ్చింది. అమెరికాలో డిగ్రీ నుంచే చేరుతున్నారు కదా, మధ్యలో ఎమ్మే ఎందుకన్న వాదన దాంతో బలపడింది. అక్కడ పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు ఎక్కువభాగం తరగతులే. దానికి ముందు ప్రొఫెసర్ల దగ్గర రెండేళ్లు పరిశోధన సహాయకులుగా పనిచేసి వచ్చేవాళ్లూ పెరుగుతున్నారు. ఎమ్మే చేయాల్సిన పని అక్కడా తప్పడం లేదు, పేరే మారింది.

మన ఎమ్మేల్లో ఎక్కువ నష్టపోయేది చివరి సెమిస్టరు ప్రాజెక్టు. నాలుగు పుస్తకాలు చూసి ఎనభై పేజీలు నింపి బైండింగ్‌కి ఇచ్చేస్తారు. దానికి బదులు ఒక్క పట్టిక చాలు. ఉదాహరణకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇచ్చినప్పుడు, 157 మండలాల్లో ఎక్కడ ముందు, ఎక్కడ తర్వాత అన్నది లాటరీతో తేల్చారు. ఆ రెండు రకాల మండలాలనూ అర్థశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ పోల్చి చూశారు. కూలీ డబ్బులు త్వరగా అందాయనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ 2016లో ప్రచురించారు. అలాంటి అధ్యయనాల డేటాను పరిశోధన పత్రికలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంచుతున్నాయి. అందులోంచి ఒక పట్టికను విద్యార్థి తన కంప్యూటర్‌లో మళ్లీ తయారు చేయాలి. అంకె కుదరకపోతే ఎందుకు కుదరలేదో వెతకాలి. ఆ తర్వాత అందులో లేని ప్రశ్న ఒకటి వేసుకోవాలి: డబ్బు త్వరగా వచ్చిన ఇంట్లో అది ఎవరి చేతిలో ఉంది? పీహెచ్‌డీ ప్రవేశాల్లో సిఫారసు లేఖలకు చాలా విలువుంది. ఆ నెలల్లో పక్కనుండి చూసిన ప్రొఫెసరుకు అప్పుడు రాయడానికి, మార్కులు కాక, నిజంగా ఏదో ఉంటుంది.