ఇంట గెలిచాకే రచ్చ... శుభ్రత వ్యాపారంలోనూ!

ఇల్లు తుడిచే పనికి జీతం లేదు గానీ, ఆఫీసులు తుడిపించే పనికి మాత్రం మంచి గిరాకీ ఉంది. బ్యాంకులు, ఆసుపత్రులు, షోరూములు, అపార్ట్‌మెంట్లు... ఎక్కడ చూసినా హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులే. పేరున్న కంపెనీ దగ్గర ఫ్రాంచైజీ తీసుకుని, పది పదిహేను మంది పనివాళ్లతో ఇందులోకి దిగుతున్న ఆడవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాది రెండేళ్లూ నిలదొక్కుకోవడంతోనే సరిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే! 'ఇంకో ఏరియా కూడా తీసుకోండి మేడమ్' అంటాడు కంపెనీ ప్రతినిధి. 'ఎన్నాళ్లీ చిన్నాచితకా పనులు? పెద్ద కాంట్రాక్టు చూడు' అంటారు ఇంట్లోవాళ్లు. మరి ఏ దారి మంచిది?

దారి ఎంచుకునే ముందు ఒక లెక్క చూద్దాం.

లాభం ఏడు వేలు... ఇరుక్కునేది లక్షన్నర!

నెలకి లక్ష రూపాయల కాంట్రాక్టు వచ్చిందనుకోండి. జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ కలిపి 72 వేలు. ఫినాయిల్, మాపులు, యూనిఫాంలు 8 వేలు. కంపెనీకి రాయల్టీ 8 శాతం చొప్పున 8 వేలు. సూపర్‌వైజరు, పెట్రోలు ఖర్చులో ఈ పని వాటా 5 వేలు. చివరికి మన చేతిలో మిగిలేది 7 వేలు. అంకెలు ఊరిని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారతాయి గానీ వరస ఇదే. రాయల్టీ మన లాభం మీద కాదు, మొత్తం బిల్లు మీద పడుతుందన్న సంగతి గమనించండి.

బిల్లు పెట్టిన 60 రోజులకి గానీ డబ్బు రాదనుకుందాం. ఈలోగా రెండు నెలల జీతాలు మనమే ఇచ్చి ఉంటాం. అంటే 1,44,000 రూపాయలు. ఇరవై నెలలకి పైగా లాభం కూడబెడితే గానీ ఆ మొత్తం రాదు! పైగా బిల్లు మీద 18 శాతం జీఎస్టీ. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు మరుసటి నెల 20వ తేదీకల్లా కట్టేయాలి. ఖాతాదారు మనకి ఇచ్చాడా లేదా అన్నది ప్రభుత్వానికి అనవసరం.

ఇలాంటివి మూడు కాంట్రాక్టులు ఒకేసారి వస్తే జీతాలకే నాలుగు లక్షల పైచిలుకు కావాలి. కాంట్రాక్టులు లేక కాదు, వరసగా వచ్చిపడి చేతిలో డబ్బాడక కూడా ఈ వ్యాపారం మునుగుతుంది. అలా మునిగితే మొదట పస్తు పడేది పనిచేసిన అమ్మాయిలే.

నాలుగు దారులు

ఉన్నచోటే చిక్కబడటం: విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక బ్యాంకు శుభ్రం చేస్తున్నారనుకోండి. పక్క భవనంలోని క్లినిక్, ఎదురు సందులోని కోచింగ్ సెంటరు మీ తర్వాతి ఖాతాదారులు కావాలి. ఒకే మనిషి పొద్దున్నే బ్యాంకు, తర్వాత క్లినిక్ చూసుకోగలదు. ఆమెకి జీతం పెరుగుతుంది, మీకు ఆటో ఖర్చు తగ్గుతుంది. ఎవరైనా రాకపోతే పది నిమిషాల్లో ఇంకొకరిని పంపొచ్చు. అదే కాంట్రాక్టు గుంటూరులో అయితే సూపర్‌వైజరు సగం రోజు బస్సులోనే!

ఉన్నవాళ్లకే అదనపు పని: సోఫాలు, కార్పెట్లు, అద్దాలు, నీళ్ల ట్యాంకులు కడగడం, గచ్చుకి పాలిష్. కొత్త ఖాతాదారుని వెతుక్కోనక్కర్లేదు. రోజువారీ ఊడ్పు కంటే వీటిలో మిగులు ఎక్కువ. అయితే రెండుచోట్ల జాగ్రత్త. ఆసుపత్రి పని ఒప్పుకుంటే 2016 నాటి నిబంధనల ప్రకారం వ్యర్థాలను రంగుల వారీగా వేరుచేయడంలో శిక్షణ ఇప్పించాలి. ఆ వ్యర్థాలు ముట్టుకునేవాళ్లకి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఇక సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎంత ఇస్తామన్నా వద్దనండి.

ఒక్క పెద్ద కాంట్రాక్టు: వినడానికి బాగానే ఉంటుంది. కానీ మీ రాబడిలో సగం ఒక్కచోటి నుంచే వస్తుంటే, ధర తగ్గించమన్నా, డబ్బు ఆలస్యం చేసినా నోరెత్తలేరు. నెల రోజుల నోటీసుతో వాళ్లు మానేస్తే అంతమంది పనివాళ్లని ఎక్కడ సర్దుతారు? ఏ ఒక్క ఖాతాదారూ మూడో వంతు దాటకుండా చూసుకోవడం క్షేమం.

రెండో ఏరియా: దూరపు కొండలు నునుపు! మళ్లీ ఫ్రాంచైజీ ఫీజు, మళ్లీ మిషన్లు, ఇంకో సూపర్‌వైజరు. మొదటి ఏరియా పని మీరు వారం రోజులు వెళ్లకపోయినా సాఫీగా నడిచేంత వరకు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఖాతాదారు ఎవరివాడు?

ఏ దారిలో పెరిగినా, పెరిగింది మీదేనా అన్నది ఇంకో ప్రశ్న. ఈ తరహా ఫ్రాంచైజీకి పుట్టిల్లు అమెరికా. అక్కడ జానీ-కింగ్ 1969లోనే మొదలైంది. ఆ తర్వాత కవరాల్, జాన్-ప్రో వంటివి వచ్చాయి. ఈ పద్ధతిలో తరచుగా కాంట్రాక్టు రాసుకునేదీ, డబ్బు వసూలు చేసేదీ కంపెనీయే. తన వాటా పట్టుకుని మిగిలింది ఇస్తుంది. తీసుకున్నవాళ్లలో చాలామంది వలస వచ్చిన సామాన్యులు. ఫీజు కట్టి యజమానులమయ్యామనుకున్నారు. 2010లో మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు కవరాల్ కేసులో, అలా ఫ్రాంచైజీ తీసుకున్న వ్యక్తి చట్టం దృష్టిలో ఉద్యోగే తప్ప స్వతంత్ర వ్యాపారి కాదని తేల్చింది.

అక్కడ ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు సంతకానికి కనీసం 14 రోజుల ముందే వివరాల పత్రం చేతికివ్వాలి. కిందటి ఏడాది మానేసినవాళ్ల ఫోన్ నంబర్లూ అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ విడిగా చట్టం లేదు. కాబట్టి ఆ ఆరా మనమే తీసుకోవాలి.

సంతకానికి ముందు...

* కాంట్రాక్టు ఎవరి పేరు మీద ఉంటుంది? ఫ్రాంచైజీ వదిలేస్తే ఖాతాదారు ఎవరికి మిగులుతాడు?
* మీ ఏరియాలో ఇంకొకరికి ఇవ్వబోమని రాసిస్తారా?
* బిల్లు రాకపోయినా రాయల్టీ కట్టాలా?
* కనీస వేతనం పెరిగినప్పుడు ధర పెంచే షరతు ఖాతాదారు ఒప్పందంలో ఉందా?
* మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? కనీసం ఇద్దరితో మాట్లాడండి.

ఇంకో మాట. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకోండి. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే వడ్డీ అడిగే హక్కు మీకుంది. పనివాళ్లు పదిమందికి చేరితే ఈఎస్ఐ, ఇరవైమందికి చేరితే పీఎఫ్ తప్పవన్నదీ ముందే లెక్కలో వేసుకోండి.

విస్తరించాలా వద్దా అన్న సందేహం వచ్చినప్పుడు బ్యాంకు పుస్తకం తెరవండి. ఒక్క ఖాతాదారూ డబ్బివ్వకపోయినా రెండు నెలలు అందరికీ ఏడో తారీఖుకల్లా జీతాలు ఇవ్వగలరా? ఇవ్వగలిగితే ముందుకి అడుగు వేయండి. లేదంటే, ఉన్న వీధిలోనే ఇంకో తలుపు తట్టండి!