పిలిస్తే పలకదేం?

మా పెద్దమ్మాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడుకుంటాం. ఆమధ్య నేనేమడిగినా కాసేపు ఆగి గానీ జవాబు చెప్పేది కాదు. "అల్లుడు మంచిగున్నాడా బిడ్డా?" అన్నా మౌనమే. ఏదో దాస్తోందని రెండు వారాలు నాకు నిద్రలేదు. చివరికి అదే అడిగింది, "అమ్మా, నామీద కోపమా? పిలిస్తే పలకవేం?" అని!

కోపం నాకూ లేదు, దానికీ లేదు. మాట చేరడంలోనే ఆలస్యం. దీన్ని లేటెన్సీ అంటారట.

ముందు మావారు నెట్ ప్యాకు పెద్దది చేయించారు. బిల్లు పెరిగింది, ఆలస్యం తగ్గలేదు. ఎలా తగ్గుతుంది చెప్పండి? తాండూరు నుంచి హైదరాబాదు పోయే బస్సులో సీట్లు పెంచితే జనం ఎక్కువ పడతారు గానీ బస్సు ముందుగా చేరుతుందా? ప్యాకులో చెప్పే ఎంబీపీఎస్‌లు సీట్ల లెక్క. మనకు కావలసింది ప్రయాణకాలం.

"ఎక్కడ ఆగుతోందో చూద్దాం" అన్నాడు మా చిన్నోడు. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, పక్కన రౌటరు నంబరు వేయాలి. మాది 192.168.1.1. మీది రౌటరు వెనక చీటీ మీద ఉంటుంది. కబురు పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకండ్లు పట్టిందో తెర మీద పడుతుంది. సెకండులో వెయ్యోవంతు ఒక మిల్లీసెకండు. పక్కగదిలోని రౌటరుకే ఒకసారి 8, ఒకసారి 90, ఒకసారి 400! అంటే దొంగ డాలస్‌లో లేడు, మా ఇంట్లోనే ఉన్నాడు.

తాండూరు ఇళ్ళ సంగతి చెప్పేదేముంది, కింద నాపరాయి, గోడలో రాయి. ఎండాకాలం చల్లగానే ఉంటుంది గానీ వైఫైకి మాత్రం గండం. పైగా అడ్డంగా ఇనప బీరువా! చిన్నోడు 15 మీటర్ల ల్యాన్ వైరు తెచ్చి, కిటికీ వారగా లాగి, రౌటరుకీ కంప్యూటరుకీ కలిపాడు. అంకె 1కి దిగింది. వైరు కుదరనివాళ్ళు రౌటరును నడిమి గదిలో ఎత్తుగా పెట్టుకోండి. మైక్రోవేవ్ అవెన్ పక్కన మాత్రం వద్దు. అదీ, చాలా వైఫైలూ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఇక్కడ కూర వేడిచేస్తుంటే అక్కడ మాట తెగుతుంది.

మరో ఆదివారం మళ్ళీ ఆగింది. ఈసారి మావారి ఫోను! పెళ్ళి వీడియోలన్నీ తనంతట తానే నెట్‌లో దాచుకుంటోంది. బండల లారీల వెనక స్కూటరు ఇరుక్కున్నట్టు మన మాట వాటి వెనక నిలబడిపోతుంది. ఆ పని రాత్రికి మార్పించాను.

కొంత ఆలస్యం మాత్రం ఎవరూ తీయలేరు. సముద్రం కింది కేబుళ్ళలోని గాజుతీగలో వెలుగు సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డాలస్‌కు రానూ పోనూ తిన్నగా వెళ్ళినా 28 వేల కిలోమీటర్ల పైమాటే, అంటే 140 మిల్లీసెకండ్లు. వంకర దారులతో 200 దాటుతుంది. అందుకే ఇప్పుడు ఒక మాట అని, మనసులో ఒకటి లెక్కపెట్టి ఆగుతాను.

మొన్న ఆ లెక్క పూర్తి కాకుండానే జవాబొచ్చింది. "ఆయన మంచిగనే ఉన్నారమ్మా. నువ్వు పంపిన కందిపప్పే అయిపోయింది!"