శ్రీనగర్ నుంచి లేహ్‌కు: యాభై నిమిషాలా, మూడు రోజులా?

మధురానగర్ మెట్రో స్టేషన్ దగ్గర టీ కొట్టు ముందు ఇద్దరు ప్రొడక్షన్ మేనేజర్లు కలిశారంటే మాట అవుట్‌డోర్ మీదికే మళ్లుతుంది. కాశ్మీర్‌లో పాట, లడఖ్‌లో ఫైట్, రెండూ ఒకే షెడ్యూల్‌లో లాగించేద్దామని వేళ్ల మీద లెక్కలు మొదలవుతాయి. ఆ లెక్క తప్పేది శ్రీనగర్, లేహ్ విమానాశ్రయాల మధ్యనే.

అపోహ: గాల్లో 255 కిలోమీటర్లేగా, ఇరవై నిమిషాల్లో దిగిపోతాం.

వాస్తవం: దూరం నిజమే. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగం మాత్రం పైకెక్కి కుదురుకున్నాకే వస్తుంది. ఇంత చిన్న దారిలో కుదురుకునేలోపే దిగే వేళవుతుంది. పైగా టికెట్ మీది సమయంలో రన్‌వే దాకా మెల్లగా పాకే నిమిషాలూ కలిసి ఉంటాయి. అందుకే ముప్పావు గంట, యాభై నిమిషాలు పడుతుంది. నేరుగా వెళ్లే విమానం దొరకని రోజు ఢిల్లీ మీదుగా చుట్టి రావాలి. శ్రీనగర్–ఢిల్లీ సుమారు 640 కిలోమీటర్లు, ఢిల్లీ–లేహ్ 620. రెండూ కలిపితే శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఎగిరినంత!

అపోహ: పగలంతా షూటింగ్ చేసుకుని సాయంత్రం ఫ్లైట్ ఎక్కుదాం.

వాస్తవం: లేహ్ రన్‌వే 10,600 అడుగుల పైన, కొండల నడుమ ఉంది. ఎండెక్కేకొద్దీ అసలే పలచని గాలి ఇంకా పలచబడుతుంది, మధ్యాహ్నానికి లోయలో గాలులు రేగుతాయి. అందుకే విమానాలు ఎక్కువగా పొద్దుటి పూటే.

అపోహ: రోడ్డున వెళ్తే 420 కిలోమీటర్లు. కర్నూలు పోయి వచ్చినంత.

వాస్తవం: కర్నూలు దారిలో జోజిలా లేదు. 11,500 అడుగుల ఎత్తున్న ఆ కనుమను చలికాలంలో మంచు మూసేస్తుంది. తెరిచి ఉన్నప్పుడు కూడా కార్గిల్‌లో రాత్రి ఆగి, రెండోరోజు లేహ్ చేరేవాళ్లే ఎక్కువ. (కనుమ కింద సొరంగం పనిని 2020లో దక్కించుకున్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘాయే.)

అపోహ: వారం శ్రీనగర్‌లో ఉన్నాం, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడిపోయింది.

వాస్తవం: అసలు ప్రమాదం ఇదే. శ్రీనగర్ ఎత్తు అయిదు వేల పైచిలుకు అడుగులు, లేహ్ దానికి దాదాపు రెట్టింపు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కండలు తిరిగిన ఫైటర్‌కూ మినహాయింపు లేదు. దిగీదిగగానే రోప్ కట్టుకుని దూకితే బాధ ముదురుతుంది. అందుకే విమానంలో వచ్చినవాళ్లు 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని లడఖ్ అధికారులు చెబుతారు. కార్గిల్‌లో ఓ రాత్రి పడుకుని మెల్లగా ఎక్కినవాడి ఒంటికి కొంతైనా అలవాటవుతుంది. అంటే విమానం మిగిల్చిన రోజును హోటల్ మంచం తినేస్తుందన్నమాట. చేతిలో మూడు రోజులున్న యూనిట్‌కు ఈ రెండు దారుల్లో పెద్ద తేడా ఉండదని నా లెక్క.

మేనేజర్ గారూ, లేహ్‌లో దిగిన రోజుకూ, ఆ మర్నాటికీ ఎవరికీ కాల్‌షీట్ వేయకండి.