జేబులోని సంగీతము

జేబులో నిముడు పాటల యంత్రమునుండి మేలైన ధ్వని రాబట్టుట యెట్లో నాకు దెలిసినంత నేడు విన్నవించెదను. విషయము చిన్నదే, కాని యిందు పొరపడినచో చెడునవి చెవులు గనుక, కొంచెము శ్రద్ధ వహింప ప్రార్థన.

గత వేసవిలో నేనును నా మేనల్లుడును ప్రొద్దుటూరిలో జమ్మలమడుగు బస్సెక్కితిమి. అచట చిన్న పని ముగించుకొని, ముద్దనూరు మీదుగా పులివెందులలోని మా యిల్లు చేరవలెనని యుద్దేశము. బస్సు ఊరు దాటకముందే వాడు చెవులలోని తీగలు లాగివైచి, "మామా, ఈ పెట్టె దండగ. మాటే తెలియడంల్యా. వచ్చే వారం ఇంగోటి కొంటా" అనెను. వాడు కొనదలచినది దీనికి నాలుగింతల వెలగలది.

వాడు వినుచుండినది శివతాండవ పఠనము. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరాలయమున రచించిన యా కావ్యపు రుచి, మృదంగపు జతులవలె విరుగు పలుకులలో నున్నది. అచ్చుల నాదము తగ్గు శ్రుతులలో నిలుచును. హల్లుల స్ఫుటత్వము చాలవరకు సెకనుకు 2,000 కంపనములకు పైబడిన భాగమున నుండును. ఆ భాగము మాసినచో పాట వినబడును, మాట వినబడదు. నేనొక తీగ చెవిని బెట్టుకొని చూచితిని. వాని ఫిర్యాదు నిజమే.

"ఇది నీకెక్కడిదిరా?" అని యడిగితిని. "ఎవరో పంపిచ్చిరి మామా" అనెను. ఇచటనే సగము తగవు తీరినది. కాంపాక్టు డిస్కుపై ధ్వని సెకనుకు సుమారు 1,411 కిలోబిట్ల లెక్కను భద్రమై యుండును. తరచుగా లభించు ఎం.పి.త్రీ ప్రతిలో 128 మాత్రమే, అనగా పదునొకండవ వంతు. చెవి గుర్తింపనిదానిని విడిచిపెట్టుటయే యీ కుదింపులోని నేర్పు. 320 కిలోబిట్ల ప్రతికిని మూలమునకును భేదము కనిపెట్టుట నాకు సాధ్యము కాలేదు. కాని కుదించినదానినే మరల మరల కుదించుచు పోయినచో, దరువుల యంచులును హల్లుల మొనలును మొద్దుబారును. అట్టి ప్రతిని తిరిగి 320కి మార్చిన బాగుపడునని కొందరి భ్రమ. చెరకు పిప్పిని పెద్ద గంగాళములో వేసినంతమాత్రమున రసము పెరుగునా?

జమ్మలమడుగులో దిగి, టీ త్రాగుచు ఆ యియర్‌ఫోనులను పరీక్షించితిని. ముఖమునందలి సన్నని జల్లెడ దుమ్ముతో పూడియుండెను. మన సీమలో ఎఱ్ఱటి యెండయు నాపరాతి ధూళియు నుండగా నిది వింత గాదు. జల్లెడ ముఖమును క్రిందికి వంచి, మెత్తని పొడి బ్రష్షుతో దులుపవలెను, నీరు తగులరాదు. తరువాత రబ్బరు తొడుగుల సంగతి. పెట్టెలో మూడు కొలతల తొడుగులిచ్చిరి. వీడు మొదట తగిలించియున్నవానినే వాడుచుండెను. సందున్నచో తగ్గు శ్రుతులు బయటికి జారిపోవును, బయటి రొద లోనికి వచ్చును. ఒకే మనిషికి రెండు చెవుల కొలతలు వేరుగ నుండుటయు గలదు. ఎడమచెవికి పెద్దది తొడిగినంతనే వాని కనుబొమలు లేచెను. తొడుగునకు ముందు వీడు మృదంగము వినబడదని బేస్ బూస్టు పెట్టుకొని, దానితో హల్లులను మరింత ముంచివేసెను. దానిని తీసివేయించితిని.

ముద్దనూరు దారిలో బస్సు గర్జించుచుండ, వాని వ్రేలు మరల ధ్వని హెచ్చించు మీటవైపు పోయెను. నేను కోపపడితిని, ఇప్పటికిని పశ్చాత్తాపము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. ప్రతి 3 డెసిబెళ్లకు శక్తి రెట్టింపగును గనుక కాలము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10, 90కి సుమారు 4 మాత్రమే. లోచెవిలోని సూక్ష్మరోమ కణములు ఒకసారి నశించిన మరల మొలవవు. ఇంజను రొదపై గెలువ జూచువాడు ఆ 90ని ఎరుగకయే దాటును. చక్కగా నమరిన తొడుగు రొదనాపును గనుక, మీటను తగ్గించుటకు అదియే సులభోపాయము.

అంగడిలో క్రొత్త యంత్రము పరీక్షించువారికి నొక మాట. ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన పరిశోధనవలన, ధ్వని తగ్గినకొలది తగ్గు శ్రుతులు మనచెవికి మరింత సన్నగిల్లునని తేలినది. కావున రెండు యంత్రములలో కొంచెము బిగ్గరగా పలుకునదే మేలైనదిగా తోచును. రెండింటిని సమానమైన బిగ్గరకు దెచ్చి, ఎరిగిన పాటనే వినుడు. లేనిచో మీరు డబ్బిచ్చునది బిగ్గరతనమునకే.

రాత్రి పులివెందులలో మిద్దెపై గాలి చల్లబడిన పిదప, నాయొద్దనున్న కుదింపని ప్రతిని వాని పాత పెట్టెలోనికే ఎక్కించి యిచ్చితిని. మీటను సగము దాటనీయలేదు. కొంతసేపు వాడు మాటాడలేదు. పిమ్మట నా భుజము తట్టి, "మామా, పద్యం మధ్యలో ఊపిరి తీసుకునేది గూడా ఇనపడ్తాంది" అనెను.